బాతు చేతిలో తుపాకీ, బాతు ముందు బంగాళాదుంపల కుప్ప

ఒక బాతు కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తుంటుంది. పక్కన కొండంత కుప్ప. ఒంటిమీద సైన్యం బట్టలు. విమానం ఎక్కి తిరిగేద్దామని ఊహించుకుంటూ వచ్చి చేరినవాడికి చివరికి దక్కిన ఉద్యోగం అది. చేతిలో కత్తి ఆడుతుంటే చెక్కు ఎక్కడా తెగకుండా పొడుగ్గా ఊడొచ్చి అక్షరాలుగా మారుతుంది, “ఫూయీ” అని. మన భాషలో “ఛీ, వెధవ బతుకు” అన్నమాట. 1942 మే 1న అమెరికా థియేటర్లలోకి వచ్చిన డిస్నీ పొట్టి కార్టూను “డొనాల్డ్ గెట్స్ డ్రాఫ్టెడ్” ముగింపు ఇది.

అంతకి నెల కూడా ముందు కాదు, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అదే యుద్ధం. ఇక్కడ జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పోతుంటే, అక్కడ జనం టికెట్టు కొనుక్కుని బాతు దుంపల్ని చూసి నవ్వుకుంటున్నారు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఆ హాల్లో కూర్చున్నవాళ్ల కొడుకులూ తమ్ముళ్లూ కూడా అప్పటికే రైలెక్కి శిక్షణ శిబిరాలకి పోతున్నారు, వాళ్లకీ భయం ఉంది. మరి ఆ భయంలోంచి నవ్వెలా వచ్చింది, ఎనభై ఏళ్ల తర్వాత, ఏ సైన్యంలోనూ పనిచెయ్యని నాకు అర్ధరాత్రి ఫోన్లో చూస్తుంటే ఎందుకు వస్తోంది?

“పాతవి కదా, అందుకే ముద్దొస్తాయి” అని చాలామంది తేల్చేస్తారు. నాకది నప్పదు. నేను అమెరికాలో పుట్టలేదు, 1940లు చూడలేదు, నాకు బెంగ పెట్టుకోవడానికి అక్కడేమీ లేదు. నా మిలటరీ అనుభవమల్లా ఇంటర్ చదివేటప్పుడు పది రోజుల ఎన్.సి.సి. క్యాంపు. అయినా ఈ కార్టూన్లు చూస్తుంటే ఎవరో నా సంగతే బొమ్మలేసినట్టు ఉంటుంది. కొన్ని మాత్రం చూస్తుంటే నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. ఏది ఎందుకు నవ్విస్తుందో, ఏది ఎందుకు నవ్వించదో విడదీసి చూస్తే నాకు కనిపించింది ఇది: ఈ బొమ్మల్లో శత్రువు సార్జెంటు అయినంతసేపూ నవ్వొస్తుంది, అసలు శత్రువు తెర మీదికి రాగానే నవ్వు చచ్చిపోతుంది.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. “యుద్ధకాలం కార్టూన్లు” అని ఒకే సంచిలో వేసేవాటిలో వేరువేరు సరుకులున్నాయి. డొనాల్డ్ బాతు సిపాయి కథల్లాంటివి స్టూడియోలు మామూలు ప్రేక్షకుల కోసం తీసి థియేటర్లలో పెద్ద సినిమాకి ముందు వేసినవి. ప్రైవేట్ స్నాఫు అనే పాత్రతో వచ్చినవి సైన్యమే డబ్బిచ్చి తీయించుకుని సిపాయిలకి మాత్రమే చూపించినవి, బయటి జనం వాటిని అప్పట్లో చూడనే లేదు. ఇక పగవాణ్ణి రాక్షసుడిలా గీసి తిట్టే అచ్చమైన ప్రచారం మూడోది. ఒక్కోసారి ఒకే బొమ్మలో ఈ సరుకు కలిసిపోయి ఉంటుంది, అదే చిక్కు.

సరే, కథ 1940 సెప్టెంబరులో మొదలైంది. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు, కానీ కుర్రాళ్లని తప్పనిసరిగా సైన్యంలోకి తీసుకునే చట్టం చేశారు. యుద్ధం లేనప్పుడు అలా చెయ్యడం ఆ దేశంలో అదే మొదటిసారి. 21 నుంచి 35 ఏళ్ల మగవాళ్లందరూ పేర్లు రాయించుకోవాలి, లాటరీ తీస్తారు, నంబరు తగిలితే పోవాలి. జీతం నెలకి 21 డాలర్లు. దీని మీద వాల్టర్ లాంజ్ స్టూడియో 1941లోనే ఒక కార్టూను తీసి “రోజుకి 21 డాలర్లు (నెలకి ఒకసారి)” అని పేరు పెట్టింది. ఆ పేరు ఒక్కటి చాలు, అప్పటి కుర్రాళ్ల మనసు అర్థం కావడానికి. యుద్ధం ముగిసేసరికి ఇలా పిలిపించుకున్నవాళ్లు కోటి మంది దాకా తేలారు.

ఈ కోటి మంది సైనికులు కారు. కిరాణా కొట్లో పొట్లాలు కట్టేవాడు, రైతు కొడుకు, బ్యాంకు గుమాస్తా. నిన్నటిదాకా ఇష్టమొచ్చినప్పుడు లేచి ఇష్టమొచ్చింది తిన్నవాడికి ఇవాళ ఎవడో ముక్కూమొహం తెలియనివాడు చెవిలో అరిచి నిద్ర లేపుతున్నాడు. నవ్వు పుట్టింది ఈ అతుకు దగ్గరే. బలవంతపు భర్తీ లేని చోట ఇలాంటి హాస్యం పుట్టదని నా అనుమానం. అదే యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది దాకా సైన్యంలో ఉన్నారు, కానీ చట్టం పెట్టి లాక్కెళ్లినవాళ్లు కారు. పొట్టకూటి కోసమో, వంశాచారంగానో, ఊరి గౌరవం కోసమో చేరినవాళ్లు. పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని ఇప్పటికీ మిలటరీ మాధవరం అనే అంటారు, గర్వంగానే అంటారు. అందుకే మన దగ్గర మిలటరీ జోకులన్నీ రిటైరై వచ్చిన బాబాయి మీద. ఆయన చెప్పిన కథే చెబుతాడు, క్యాంటీను నుంచి సీసా తెస్తాడు, మనవడిచేత కూడా పొద్దున్నే కవాతు చేయిస్తాడు. లోపల నలిగే సిపాయి వైపు నుంచి మన హాస్యం పెద్దగా చూడలేదు.

డొనాల్డ్ సంగతికొస్తే, డిస్నీ వాళ్లు వాణ్ణి సిపాయిగా ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది. మిక్కీని తీసుకుని ఉంటే బుద్ధిగా సెల్యూట్ కొట్టి మెడల్ తెచ్చుకునేవాడు. డొనాల్డుకి ముక్కు మీద కోపం, నోట్లో మాట సగం అర్థం కాదు, చేసే పని మీద కన్నా చెయ్యకుండా తప్పించుకోవడం మీద శ్రద్ధెక్కువ. వాడి పైన సార్జెంటు ఎవరంటే పీట్, డిస్నీ బొమ్మల్లో ఎప్పటినుంచో ఉన్న ఆ గుమ్మటం లాంటి విలన్. ఆకారాల్లోనే కథ ఉంది. ఒకడు తెర నిండా ఉంటాడు, ఇంకొకడు ఆ మొదటివాడి బూటు ఎత్తు ఉంటాడు. డైలాగు అక్కర్లేదు.

మొదటి కథలో వాడు పోస్టర్లలో అందమైన అమ్మాయిల్ని చూసి వైమానిక దళంలో పడదామని లొట్టలేసుకుంటూ వెళతాడు. డాక్టర్లు వాణ్ణి సంతలో ఎద్దుని చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూసి ముద్ర కొట్టి పంపేస్తారు. యూనిఫారం ఇస్తే అందులో ఇంకో ముగ్గురు పడతారు, “సరిగ్గా సరిపోయింది” అని చెప్పి నీళ్లు కుమ్మరిస్తారు, అది కుదించుకుపోతుంది. తర్వాత కవాతు. కదలకుండా నిలబడమంటాడు పీట్. చీమలు పాకుతూ వస్తాయి. ఇక్కడ ఆగి చెప్పాలి, ఎందుకంటే నా మట్టుకు ఈ కార్టూన్లన్నిటి మూలసూత్రం ఈ చీమల సీనే. ఒక చిన్న ఆజ్ఞ, “కదలొద్దు”. ఒక చిన్న శరీరం, దానికి దురద. మనిషి ఒళ్లు ఒకటి కోరుతుంది, సంస్థ ఇంకొకటి కోరుతుంది. మధ్యలో వాడి మొహం. యుద్ధం గురించి ఇందులో ముక్క లేదు, ఫాసిజం లేదు, దేశభక్తి లేదు. అందుకే అది ఏ దేశం వాడికైనా తగులుతుంది. మా క్యాంపులో “సావధాన్” అన్న తర్వాత నా ముక్కు మీద ఈగ వాలింది, హవల్దారు గారు రెండు వరసల అవతలున్నారు, ఆ ఈగ అరగంట ఉందని ఇప్పటికీ నా నమ్మకం, అర నిమిషం కూడా ఉండి ఉండదు.

“ద వానిషింగ్ ప్రైవేట్” అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. ఫిరంగికి రంగు వెయ్యమంటే వీడు పెళ్లి పందిరిలా రంగురంగుల చారలు పూస్తాడు. కనపడకుండా ఉండాలిరా అని పీట్ అరిస్తే, వెళ్లి ప్రయోగశాలలో కనపడకుండా చేసే రంగు పట్టుకొచ్చి నిజంగానే ఫిరంగిని మాయం చేస్తాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు కదా! తర్వాత తనే ఆ రంగులో పడి మాయమవుతాడు. పీట్ కనపడని బాతుని వెంటబడి అరుస్తుంటే జనరల్ చూసి వీడికి మతి పోయిందనుకుంటాడు. ఆఖర్న పీట్ చేతులు కట్టేసి గదిలో, డొనాల్డ్ తుపాకీ పట్టుకుని బయట కాపలా. ఇందులో తమాషా ఏమిటంటే పీట్ చెప్పేదంతా నిజం. అయినా పై అధికారి నమ్మడు. కింది సిపాయికి రోజూ జరిగేది ఒక్కరోజు సార్జెంటుకి జరిగింది, అంతే.

అన్నిటిలోకీ నాకు ఇష్టమైంది 1943 ఏప్రిల్లో వచ్చిన “ఫాల్ అవుట్ ఫాల్ ఇన్”. దీంట్లో కథే లేదు. సిపాయిలు నడుస్తారు. వానలో నడుస్తారు, మంచులో నడుస్తారు, ఎండలో నడుస్తారు, వరసలో ఆఖరివాడు డొనాల్డ్, వీపున వాడికన్నా పెద్ద మూట. సాయంత్రం ఆగమన్నాక అన్నం వాసన తగిలి ఉరుకుతాడు, ముందు గుడారం వెయ్యి అంటారు. ఇక ఆ గుడారంతో కుస్తీ. ఒక గుంజ పాతితే ఇంకోటి లేస్తుంది, గుడ్డ లాగితే తాడు తెగుతుంది, రాత్రి గడిచిపోతుంది, చుట్టూ మిగతావాళ్ల గురకలు. కన్ను మూతపడే వేళకి తెల్లారి విజిల్. మళ్లీ నడక. ఏడు నిమిషాల బొమ్మలో ఒక్క తుపాకీ పేలదు. మనం నవ్వుతున్నది ఒక అలసటని చూసి. అలసట ఎలా గీస్తారు? మోకాళ్లు వంగడం, మెడ జారడం, మూట ఒక్క అడుగు వెనకబడి రావడం, వీటిని లెక్కబెట్టి గీశారు. బొమ్మలకి ప్రాణం అంటే అదేనేమో. తర్వాతి తరంలో టీవీ కోసం చవకగా తీసిన కార్టూన్లలో శరీరం బొమ్మలా నిలబడి నోరు మాత్రమే కదులుతుంది, మాటల జోకు ఉంటుంది కానీ ఒంటి జోకు ఉండదు.

మిగతావాటిలో “స్కై ట్రూపర్” పారాచూట్ కథ, పీటూ డొనాల్డూ ఇద్దరూ విమానంలోంచి కింద పడతారు, సరదాగానే ఉంటుంది. “ద ఓల్డ్ ఆర్మీ గేమ్”లో రాత్రి అందరూ గోడ దూకి ఊళ్లోకి పోయి మంచాల మీద గురక రికార్డులు పెట్టి వెళతారు, హాస్టల్లో దిండు మీద దుప్పటి కప్పి సినిమాకి పోయినవాళ్లకి వివరించక్కర్లేదు.

ఇప్పుడు స్నాఫు. ఈ పేరు మంచి పేరు కాదు. సిపాయిల యాసలో ఒక వాక్యంలోని మొదటి అక్షరాలన్నీ కలిపితే వచ్చింది. మర్యాదగా చెబితే “పరిస్థితి మామూలే, అంతా కంపే” అని అర్థం, అమర్యాదగా చెబితే ఇక్కడ రాయను. ముందున్న ప్రైవేట్ అంటే సైన్యంలో అట్టడుగు హోదా, మన లెక్కలో సిపాయి. 1943లో సినిమా దర్శకుడు ఫ్రాంక్ కాప్రా సైన్యంలో అధికారిగా ఉండి సిపాయిలకి చూపించే సినిమాల విభాగం నడుపుతూ ఈ పాత్రని పుట్టించాడు. కొత్తగా చేరిన కుర్రాళ్లలో చదువు అంతగా లేనివాళ్లు చాలామంది, పాఠం పుస్తకంలో ఇస్తే చదవరు, ఉపన్యాసం పెడితే నిద్రపోతారు. ఏది చెయ్యకూడదో అది చేసి చూపించే ఒక దద్దమ్మ కావాలి. డిస్నీ వాళ్లని అడిగారు, వాళ్లు పాత్ర హక్కులు తమకే కావాలన్నారు. వార్నర్ బ్రదర్స్‌కి బొమ్మలు తీసిపెట్టే లియాన్ ష్లెసింగర్ చాలా తక్కువ రేటుకి ఒప్పుకున్నాడు. అలా చక్ జోన్స్, ఫ్రిజ్ ఫ్రీలెంగ్, బాబ్ క్లాంపెట్, ఫ్రాంక్ టాష్లిన్ లాంటి దర్శకులు, అంటే బగ్స్ బన్నీని మనకిచ్చినవాళ్లే, సైన్యానికి పాఠాలు గీశారు. స్నాఫుకి గొంతు మెల్ బ్లాంక్‌ది, అంటే బగ్స్ బన్నీ గొంతే. రాసినవాళ్లలో ఒకడు థియొడోర్ గైజెల్. పిల్లలు ఆయన్ని డాక్టర్ స్యూస్ అంటారు.

ఆయన చెయ్యి పడిందని తెలిసిపోతుంది. చిన్న మాటలు, గంతులేసే అంత్యప్రాస, చెప్పిందే తిప్పి చెప్పడం. తర్వాత 1957లో టోపీ పెట్టుకున్న పిల్లి పుస్తకంతో ఆయన్ని ప్రపంచానికి తెలిపిన లక్షణాలే ఇవి. పెద్దవాళ్లకి, అందులోనూ తుపాకీలు పట్టినవాళ్లకి, ఏబీసీడీల బాణీలో ప్రాణం కాపాడుకునే విద్య చెప్పడం అన్న ఆలోచనే నాకు వింతగా, గొప్పగా అనిపిస్తుంది. మన పెద్దబాలశిక్ష కూడా నీతుల్ని పద్యాల్లో కట్టి ఇచ్చింది కదా, నోటికి పట్టిన దాన్ని బుర్ర వదిలించుకోలేదు.

“స్పైస్” చూడండి, 1943లోనిది, జోన్స్ దర్శకత్వం. స్నాఫుకి ఒక రహస్యం తెలుస్తుంది, ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో. నేను చెప్పను, నా మెదడుకి తాళం వేశాను అంటాడు, నిజంగానే తలకి గొలుసూ తాళం కనిపిస్తాయి. తర్వాత అమ్మకి ఫోన్లో ఒక ముక్క, కొట్లో ఒక ముక్క, మందు పడ్డాక తాళం ఊడిపోయి ఒక అమ్మాయి దగ్గర మిగతాదంతా. ఆ అమ్మాయి గూఢచారి. ఓడకి టార్పెడో. స్నాఫు నేరుగా నరకంలో తేలి, నా రహస్యం బయటపెట్టిన వెధవ ఎవడని అరుస్తాడు. అక్కడ దెయ్యం వేషంలో ఉన్న హిట్లర్ అద్దం చూపిస్తాడు. అద్దంలో కనిపించేది గుర్రం వెనక భాగం. వాడు ఒక్కసారి కూడా రహస్యం మొత్తం ఒకేచోట చెప్పలేదు, గమనించండి. ముక్కలుగానే జారుతుందన్నదే పాఠం. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులున్న ఎవరికైనా ఇది ఈ రోజు కూడా చూపించొచ్చు.

“బూబీ ట్రాప్స్”లో ఒక పియానో. ఒక పాత ప్రేమపాట వాయిస్తే సరైన మెట్టు నొక్కినప్పుడు బాంబు పేలుతుంది. వీడు ప్రతిసారీ అదొక్కటి తప్పు వాయిస్తాడు, మనకి పళ్లు గిట్టకరుచుకుంటాయి. చివరికి చచ్చి మేఘాల మీద వీణలాంటి హార్ప్ పట్టుకుని కూర్చుని అదే పాట, ఈసారి సరిగ్గా. ఢాం. ఇదే ఎత్తుగడని ఫ్రీలెంగ్ 1951లో బగ్స్ బన్నీ బొమ్మలో మళ్లీ వాడుకున్నాడు. సైన్యం కోసం కుట్టిన చొక్కా పిల్లలకి కూడా సరిపోయింది.

దోమల బొమ్మలు వేరే లోకం. పసిఫిక్ దీవుల్లో అమెరికా సిపాయిల్ని జపాను తుపాకీల కన్నా మలేరియా ఎక్కువ పడగొట్టిన చోట్లున్నాయి. ఆటబ్రిన్ అని ఒక మాత్ర ఇచ్చేవాళ్లు. చేదు, ఒళ్లు పసుపు రంగుకి తిరుగుతుంది, పైగా మగతనం పోతుందని పుకారు. ఎవడు మింగుతాడు? అందుకని “మలేరియా మైక్” అని ఒక దోమ స్నాఫు వెనకపడే బొమ్మ, తర్వాత “అనాఫిలిస్ ఆనీ” అని పూర్వవైభవం తల్చుకుని కుమిలే ముసలి ఆడదోమ బొమ్మ. కుట్టేది ఆడదోమ మాత్రమేనన్న శాస్త్రాన్ని మనసు విరిగిన వగలాడి కథగా మార్చేశారు. అసలు అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న. ఆయన కూడా మిలటరీ డాక్టరే. హుసేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడట. ఆ అణాల లెక్క నలభై ఆరేళ్లు తిరిగి హాలీవుడ్ కార్టూను అయింది.

“రూమర్స్” గురించి కూడా ఒక మాట. ఎవడో వాతావరణం గురించి ఏదో అంటే, అది నోరు మారుతూ మారుతూ బాంబుల వర్షమై, చివరికి శిబిరం మొత్తం దిగ్బంధం. పుకార్లని ఎగిరే సాసేజీల్లాగా గీశారు, ఇంగ్లీషులో ఆ సాసేజీ పేరుకి కోతలని కూడా అర్థం. 1942 ఏప్రిల్లో బాంబుల వార్తకి ఇక్కడ మద్రాసు సగం ఖాళీ అయింది, జపాను వాళ్లు మాత్రం రాలేదు. ఆ బొమ్మ మనవాళ్లకి తెలుగులో చూపించి ఉంటే పాత్రల పేర్లు మారిస్తే సరిపోయేది.

ఈ బొమ్మలు థియేటర్లకి పోవు కాబట్టి హాలీవుడ్ సెన్సారు నియమాలు వర్తించలేదు. అందుకే మోటు జోకులు, అర్ధనగ్న భామలు, తిట్లు. ఒకచోట “జీపు నట్లు రాలిపోయేంత చలి” అంటాడు, సిపాయిలు ఆ మాటకున్న రెండో అర్థం పట్టుకునేలోపు నిజంగానే జీపు నట్లు ఊడి పడతాయి. ఆ రోజుల్లో చదువుకున్న మర్యాదస్తుల స్టూడియో నుంచి ఇది రావడం, దానికి ప్రభుత్వమే బిల్లు కట్టడం.

అసలు ముడి ఇక్కడుంది. ఏ సైన్యమైనా తన మీద జోకులకి తనే ఎందుకు డబ్బు పెడుతుంది? “గ్రైప్స్” అనే బొమ్మ దీనికి దాదాపు నేరుగా జవాబిస్తుంది. స్నాఫు మరుగుదొడ్లు కడుగుతూ, లైన్లో నిలబడుతూ తిట్టుకుంటూ ఉంటాడు, నేనే బాస్‌నైతే చూద్దురుగాని అంటాడు. టెక్నికల్ ఫెయిరీ అని ఒక యక్షిణి వస్తుంది. యక్షిణి అంటే మళ్లీ అమ్మాయి అనుకునేరు, గెడ్డం గీయని, చుట్ట కాల్చే, రెక్కలున్న సార్జెంటు. వాణ్ణి బాస్ చేస్తాడు. శిబిరం జల్సా అయిపోతుంది, జర్మన్లు మీద పడతారు, స్నాఫు మళ్లీ చీపురు పట్టుకుని హాయిగా ఊపిరి పీలుస్తాడు. అంటే ఏమిటి? ముందు మొదటి రెండు నిమిషాలు సిపాయి మనసులోని తిట్లన్నీ తెర మీద వాడి తరఫున ఎవడో తిడతాడు. హాలు గోలగోల. ఆవిరి పోయాక రెండో సగంలో మెల్లిగా మూత పెడతారు. ఫిర్యాదుని కాదనలేదు, ఒప్పుకుని తమ వైపు తిప్పుకున్నారు. తెలివైన పని.

ఇంకొకటి నేను ఆలస్యంగా గమనించాను. డొనాల్డ్ బొమ్మల్లో చివరికి బోర్లా పడేది చాలాసార్లు సార్జెంటు. స్నాఫు బొమ్మల్లో దాదాపు ప్రతిసారీ పడేది సిపాయే. టికెట్టు కొన్నవాడు జనం అయితే అధికారి వెర్రివాడు, డబ్బిచ్చింది అధికారి అయితే సిపాయి వెర్రివాడు. ఇది తెలిశాక స్నాఫు తక్కువ నవ్విస్తాడని కాదు. నాకింకా ఎక్కువే నచ్చాడు, ఎందుకంటే వాడి శత్రువు వాడి బద్ధకం, వాడి నోరు, వాడి ఆకలి. వాడు చచ్చిపోతాడు కూడా, నిజంగా. పిల్లల కార్టూన్లలో పాత్ర నల్లబడి తర్వాతి సీనులో లేచి నిలబడుతుంది, ఇక్కడ సమాధి రాయి దగ్గర ఆగిపోతుంది, చూస్తున్నవాడు వచ్చేవారం ఓడ ఎక్కాల్సినవాడు. ఆ నవ్వులో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే.

ఇక నవ్వు ఆగిపోయే చోటు. 1944 జూన్‌లో వచ్చిన “కమాండో డక్”లో డొనాల్డుని నిజంగా జపాను వాళ్ల మీదికి పంపారు. వాడి ఆరు సిపాయి బొమ్మల్లో అదొక్కటే అసలు యుద్ధం. అదే అన్నిటికన్నా నీరసం. జపాను సిపాయిల్ని పళ్లూ కళ్లద్దాలుగా గీశారు, మర్యాదగా వంగి వెనక నుంచి కాల్చేవాళ్లుగా చూపించారు. ద్వేషం సంగతి తర్వాత, ముందు అది హాస్యంగానే దెబ్బతింది. పీట్ ఎలా అరుస్తాడో, ఎందుకు ఉడుక్కుంటాడో మనకి తెలుసు, వాడు మనకి తెలిసినవాడు. వీళ్లు ఎవరో గీసినవాడికే తెలియదు. తెలియనివాణ్ణి చూసి వెటకారం చెయ్యొచ్చు, నవ్వించలేం. స్నాఫు బొమ్మల్లో కూడా జపాను వాళ్లు వచ్చిన ప్రతిచోటా ఇదే రోగం, “గోల్డ్‌బ్రిక్” ముగింపు లాంటివి ఇప్పుడు చూడలేం. ఆ కాలం అంతే కదా అనేవాళ్లకి ఒక సంగతి. గైజెల్ 1942 ఫిబ్రవరిలో ఒక పత్రికలో అమెరికాలోనే పుట్టి పెరిగిన జపానీయుల్ని బాంబు పొట్లాలు అందుకునే గుంపుగా గీశాడు, అదే నెల్లో వాళ్లని శిబిరాల్లోకి తరలించే ఉత్తర్వు మీద సంతకం అయింది. బొమ్మ గాల్లో ఉండదు. ఇంకో లోటు కనిపించని లోటు. ఆ సైన్యంలో నల్లజాతి సిపాయిలు లక్షల్లో ఉన్నారు, వేరే దళాల్లో, వేరే బ్యారక్‌లలో, 1948లో అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చేదాకా. స్నాఫు గుడారంలో వాళ్లు లేరు. వేరే స్టూడియో బొమ్మల్లో ఉన్నచోట ఎలా గీశారో చూస్తే లేకపోవడమే నయం అనిపిస్తుంది.

మరి హిట్లర్ ఉన్న “డెర్ ఫ్యూరర్స్ ఫేస్” ఆస్కార్ ఎలా తెచ్చుకుంది, అది నవ్విస్తుంది కదా అంటారా? నవ్విస్తుంది. ఎందుకంటే అందులో డొనాల్డ్ నాజీ ఫ్యాక్టరీలో కూలివాడు. రోజుకి 48 గంటలు పని, బెల్టు మీద తోపుడుగా వచ్చే గుండ్లకి మరలు బిగించడం, మధ్యలో ఫోటో వచ్చిన ప్రతిసారీ చెయ్యెత్తి జై కొట్టడం. మళ్లీ అదే, ఆజ్ఞా శరీరమూ. హిట్లర్ అక్కడ పెద్ద సార్జెంటు. ఆ బొమ్మలోనే బ్యాండు మేళంలో జపాను వాడి బొమ్మ వచ్చినప్పుడు మాత్రం నవ్వు టక్కున తెగుతుంది.

ఈ హాస్యం పేపర్లలోకి కూడా పోయింది. డిస్నీలో బొమ్మలేసి సైన్యంలో చేరిన జార్జ్ బేకర్ “శాడ్ సాక్” అని మాటల్లేని సిపాయిని యుద్ధం నడుస్తుండగానే గీశాడు. 1950లో మొదలైన పేపరు బొమ్మల కథ “బీటిల్ బెయిలీ”లో హీరో మరుసటి ఏడాది కొరియా యుద్ధమప్పుడు సైన్యంలో చేరి ఇక బయటికి రాలేదు. వాడూ బద్ధకిష్టే, వాడి పైనా బండ సార్జెంటే. 1954లో టోక్యోలోని అమెరికా సైన్యం పత్రిక క్రమశిక్షణ చెడుతుందని దాన్ని ఆపేసింది, ఆ వార్తకే మరింత ప్రచారం దొరికి కొత్త పేపర్లు వేసుకున్నాయి. యుద్ధకాలంలో సైన్యానికున్న తెలివి శాంతికాలంలో పోయిందన్నమాట. 1963లో దాన్ని టీవీ కార్టూన్లుగా తీశారు, రెండు చూసి ఆపేశాను.

చూడాలనుకునేవాళ్లకి స్నాఫు బొమ్మలు ప్రభుత్వం సొమ్ముతో తీసినవి కాబట్టి కాపీరైటు లేదు, ఎక్కడైనా దొరుకుతాయి. పిల్లల్ని పక్కన పెట్టుకుని మాత్రం వద్దు. డొనాల్డ్‌వి ఒకేసారి చూడకండి, రోజంతా ఆఫీసులో నడుం విరిగిన రాత్రి “ఫాల్ అవుట్ ఫాల్ ఇన్” ఒక్కటి చూడండి.

మా క్యాంపు ఆఖరి రాత్రి క్యాంప్ ఫైర్ అని మంట వేసి పాటలూ నాటికలూ పెట్టించారు. మావాడొకడు బొట్టుపెన్సిలుతో మీసం గీసుకుని, పొట్టకి దిండు కట్టుకుని, హవల్దారు గారి నడక నడిచి, ఆయన గొంతుతోనే “పీఛే... ముడ్!” అని అరిచి తనే తప్పు వైపు తిరిగి పడ్డాడు. మేం నవ్వలేదు, ముందు ఆయన మొహం చూశాం. ఆయన ముందు వరసలో కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు, ఇంకోసారి చెయ్యమన్నారు, రెండోసారి మేమంతా పొర్లి పొర్లి నవ్వాం. పొద్దున్న అయిదింటికి విజిల్ వేసింది ఆయనే. మీసం గీసుకున్నవాడు ఒక్కడే లేటుగా వచ్చాడు, గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు పరుగెత్తాడు, మీసం ఇంకా చెరగలేదు.